కొల్లేటి ముంపు: పాఠం ఎవరికి?

ప్రతి వరద వెనకా మన పత్రికల్లో ఒక శీర్షిక వచ్చి తీరుతుంది: "ఈ విపత్తు నేర్పిన పాఠాలు." ఊళ్ళో నీరు తియ్యకముందే అది అచ్చవుతుంది. ప్రకృతి ముందు మనిషి అల్పుడని అందులో ఒక వాక్యం వుంటుంది. ప్రకృతిని గౌరవించాలని మరో వాక్యం వుంటుంది. దాతల పేర్లుంటాయి. ఇకనైనా మేలుకోవాలనే హితవుతో వ్యాసం ముగుస్తుంది. మేలుకోవలసింది ఎవరో, నిద్రపోతున్నది ఎవరో, నిద్ర నటిస్తున్నది ఎవరో మాత్రం అందులో వుండదు. ఈ రకం రాతలతో నాకు తగువు వుంది. పాఠం అనేది తెలియనివాడికి చెప్పేది. తెలిసి చేసినవాడికి పాఠం చెప్పబోవడం అమాయకత్వమైనా కావాలి, లేదా వాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడమైనా కావాలి.

2024 సంగతి తీసుకుందాం. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు పొంగింది. వెలగలేరు దగ్గర గేట్లు ఎత్తారు. మళ్ళింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అదే సమయాన ప్రకాశం బరాజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. దేశం చూపంతా విజయవాడ మీద పడింది, పడవలసిందే. అయితే బుడమేరు విజయవాడలో ఆగిపోయే ఏరు కాదు. ఆ నీరు కిందికి నడిచి కొల్లేట్లో పడింది. పట్నంలో జనం ఇళ్ళలోని బురద కడుక్కుంటున్న రోజుల్లో లంక గ్రామాల్లో నీరు ఎక్కసాగింది. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీరు వచ్చి రాకపోకలు నిలిచాయి. విజయవాడది రాత్రికి రాత్రి వచ్చిన ముంపు. కొల్లేటిది రోజుకింత చొప్పున వచ్చి, వచ్చినంత తొందరగా పోనని మొండికేసే ముంపు. మొదటిదాన్ని దేశమంతా చూసింది. రెండోదాన్ని మునిగినవాళ్ళే చూశారు.

అసలు కొల్లేరు అక్కడెందుకు వుందో చెప్పుకోవాలి. కృష్ణా గోదావరులు రెండూ యుగాలుగా ఒండ్రు తెచ్చి తమ తమ డెల్టాలను ఎత్తు చేసుకున్నాయి. రెండింటి నడుమ మిగిలిపోయిన పల్లం కొల్లేరు. పడమటినుంచి వచ్చే బుడమేరు, ఏలూరును రెండు పాయలుగా చుట్టి వచ్చే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక డెల్టా మురుగు కాలువలు ఎన్నో అందులోనే దిగుతాయి. బయటికి పోయే దారి ఒకటే, ఉప్పుటేరు. అది అరవై కిలోమీటర్ల పైచిలుకు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. దానికి వాలు నామమాత్రం. పోటు వేళ సముద్రం దాన్ని వెనక్కి నెడుతుంది. పెద్ద వరదలో కొల్లేటికి వచ్చే నీరు లక్ష క్యూసెక్కుల లెక్కలో వుంటే, ఉప్పుటేరు మోసుకుపోగలిగేది వేల లెక్కలో వుంటుంది. తక్కిన నీరు ఎక్కడ వుండాలి? కొల్లేట్లోనే వుండాలి. పది అడుగుల మట్టానికి నిండితే సుమారు 900 చదరపు కిలోమీటర్లు పరుచుకొని, వారాల తరబడి నీటిని తనలో దాచి, మెల్లగా ఉప్పుటేటికి వదిలేది కాబట్టే చుట్టూ వున్న చేలూ ఊళ్ళూ బ్రతికాయి. ఊరి ధాన్యానికి గాదె ఎలాంటిదో వరదకు కొల్లేరు అలాంటిది. గాదెలో ఎవడో కాపురం పెడితే ధాన్యం నట్టింట్లో పోసుకోవలసిందే. ఈపాటి లెక్క లంకలో పడవ నడిపే పిల్లవాడికి తెలుసు. సెక్రటేరియట్లో తెలియదనుకోవడం మన మంచితనం.

"ప్రకృతి వైపరీత్యం" అనే మాట సరిగ్గా ఇక్కడే కొంప ముంచుతుంది. వాన ప్రకృతే. పల్లానికి నీరు పారడం ప్రకృతే. పల్లంలో గట్టు వుండడం ప్రకృతి కాదు. ఏరు పోయే దారిలో ప్లాట్లు వేసి అమ్మడం, వాటిని రిజిస్టరు చెయ్యడం, ఆ పేటకు కరెంటు యిచ్చి, పన్ను వసూలు చేసి, ఓట్లు అడిగి, వరదనాడు "అక్కడెందుకు కట్టుకున్నారు?" అని బీదవాణ్ణి నిలదియ్యడం ప్రకృతి కాదు. ఈ రెండిటినీ ఒకే మాటలో కలిపెయ్యడం వల్ల లాభం ఎవరికి? వానను కోర్టుకు ఈడ్చలేము. గట్టు వేసినవాణ్ణి ఈడ్చవచ్చు. అందుకని వాన పేరే చెప్పాలి.

ఈ తగువు కొత్తది కాదు. 1755లో లిస్బన్ నగరం భూకంపంలో కూలినప్పుడు వోల్టేర్ దైవన్యాయాన్ని ప్రశ్నించాడు. రూసో అతనికి ఉత్తరం రాస్తూ, అన్ని అంతస్తుల ఇళ్ళను అక్కడ అంత కిక్కిరిసి కట్టింది ప్రకృతి కాదు గదా అన్నాడు. మన దేశంలో 1934 జనవరిలో బీహారు భూకంపం వచ్చినప్పుడు గాంధీజీ దాన్ని అస్పృశ్యత అనే పాపానికి దైవం విధించిన శిక్ష అన్నారు. ఆ ఉద్దేశంలోని ఔన్నత్యాన్ని ఎవరూ కాదనరు. కాని టాగోరు నిర్మొహమాటంగా ఎదురు చెప్పాడు. భౌతికమైన విపత్తుకు భౌతికమైన కారణాలే వుంటాయన్నాడు. ఇలాంటి తర్కాన్ని మనకంటె మన ప్రత్యర్థులే బాగా వాడుకుంటారని కూడా హెచ్చరించాడు. గాంధీజీ ఆ విమర్శను తమ "హరిజన్" పత్రికలోనే ప్రచురించారు. ఈనాడు "ప్రకృతి కన్నెర్ర చేసింది", "ఏరు పగబట్టింది" అని రాసేవారిలో గాంధీజీ పొరపాటు వుంది, ఆయన నిజాయితీ లేదు. ఏరుకు పగ లేదు. దానికి వున్నది దారి ఒక్కటే.

ఇక మనకు తెలియనిదేమిటో చూద్దాం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట కట్టారు. ఏలూరు కాలువ ద్వారా రెండు నదుల నీరూ ఏలూరు దగ్గర కలుసుకొన్నది. ఆ పని ఈ సీమను కరువు కోరల్లోంచి లాగింది. నిజమే. కాని ఆనాటినుంచి పంట కాలువకున్న మర్యాద మురుగు కాలువకు లేదు. పంట కాలువ శిస్తు తెచ్చింది, గనక దానికి లాకులు, లస్కర్లు, బంగళాలు వచ్చాయి. మురుగు కాలువ ఏమీ తేలేదు, గనక దానికి గుర్రపుడెక్క వచ్చింది. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ వేశారు. డెల్టా మురుగు పారుదల ఎందుకు చెడిందో, ఏయే కాలువలు బాగు చెయ్యాలో, ఉప్పుటేరును ఏం చెయ్యాలో ఆ కమిటీ చెప్పింది. 1968లో కృష్ణా గోదావరి డెల్టాల రైతుల మీద డ్రైనేజి సెస్సు విధిస్తూ చట్టం చేశారు. అంటే పాఠం అచ్చయింది, దానికి ఫీజు కూడా రైతు నుంచి వసూలు చేశారు. ఆ తర్వాత అరవై ఏళ్ళు కావస్తున్నా ప్రతి వానాకాలం ముందు "మురుగు కాలువల్లో పూడిక తియ్యాలి" అని రైతులు అర్జీలు పెట్టుకుంటూనే వున్నారు. ఇందులో ఎవరికి పాఠం చెప్పాలి?

తాడేపల్లిగూడెం వైపు రండి. ఎర్రకాలువ ఏజెన్సీ కొండల నీరు మోసుకొచ్చి, నందమూరు దగ్గర అక్విడక్టు కింద ఏలూరు కాలువను దాటి, యనమదుర్రు డ్రెయినై భీమవరం మీదుగా సముద్రానికి పోవాలి. పైన పంట కాలువ, కింద వరద కాలువ. పైది ఒక పద్ధతి ప్రకారం వస్తుంది. కిందిది తనకు తోచినప్పుడు వస్తుంది. తోచినప్పుడల్లా నిడదవోలు, తాడేపల్లిగూడెం ప్రాంతాల చేలు ఏరవుతాయి. 2024 జులైలో నారుమళ్ళు, కొత్తగా ఊడ్చిన చేలు నీట మునిగాయి. అదే జులైలో అశ్వారావుపేట దగ్గర పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగి ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుకునూరు మండలాల మీద పడింది. కట్ట ఒక రాష్ట్రంలో వుంది, ఆయకట్టులో ఎక్కువ భాగం మరో రాష్ట్రంలో వుంది. మరమ్మతు ఎవరిదని రెండు ప్రభుత్వాలూ తేల్చుకోకముందే వాగు తేల్చేసింది.

కొల్లేటి చేపల చెరువుల సంగతి మాట్లాడకుండా ఈ విషయం ముగించడం పిరికితనం. ఇక్కడ రెండు పక్షాల పెద్దమనుషులున్నారు. ఒక పక్షంవారు పట్నాల్లో కూర్చొని, కొల్లేటిని లంకల్లోని వడ్డీలు చెరిచారంటారు. రెండో పక్షంవారు వేదికల మీద నిలబడి, వడ్డీల పొట్ట కొట్టవద్దు గనక గట్ల జోలికి వెళ్ళవద్దంటారు. ఇద్దరూ బీదవాడి భుజం మీదనే తుపాకి పెడుతున్నారు.

జరిగింది ఇది. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాల పేర వడ్డీలకు, దళితులకు చెరువులు ఇచ్చింది. మంచిదే. సంఘానికి చెరువు వుంది, పెట్టుబడి లేదు. పెట్టుబడి గలవాడు ఒడ్డునే వున్నాడు. చెరువు లీజుకు వెళ్ళింది. సంఘం సభ్యుడు తన చెరువు గట్టు మీద తానే కావలివాడయ్యాడు. పల్లంలో వరి పండించి ప్రతి రెండేళ్ళకూ ముంపుకు పోగొట్టుకోవడం కంటె చేప లాభమని తేలేసరికి గట్లు పెరిగాయి, ఎకరాలు వందలయ్యాయి. ఆకివీడు, కైకలూరు, నారాయణపురం నుంచి ఐసు పెట్టెల లారీలు కలకత్తాకు, అస్సాముకు బారులు తీరాయి. 1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ ఒప్పందం కింద కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల అయింది. కాగితం మీద ఇంత రక్షణ కలిగిన సరస్సు లోపల గట్లు పెరుగుతూనే వున్నాయి. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేర గట్లు పేల్చారు. గట్టు తెగినప్పుడు లీజుదారుకు ఒక వ్యాపారం పోయింది. అతనికి ఇంకో చోట ఇంకో చెరువు వుంది. వడ్డీకి కూలి పోయింది. అతనికి ఇంకో చోటు లేదు. జిరాయితీ భూమి కలిగిన చిన్న రైతుకు నష్టపరిహారం మాట తేలలేదు. 2008లో శాసనసభ, కాంటూరును ఐదు నుంచి మూడుకు దించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో అది తగదన్నది. ఈ లోపల గట్లు మళ్ళీ లేచాయి. యంత్రం తెప్పించగలవాడి గట్టే ముందు లేచిందని వేరే చెప్పనక్కరలేదు.

కాంటూరు దించాలనేవారిని ఒక్క ప్రశ్న అడుగుదాం. కాగితం మీద గీతను ఐదునుంచి మూడుకు దించితే నీరు కూడా దిగుతుందా? దిగదు. గీత దిగినకొద్దీ గట్టు సరస్సు లోపలికి జరుగుతుంది, నీరు లంకలో ఇళ్ళ గుమ్మాలకు ఎక్కుతుంది. బీదల పేర అడిగే ఈ కోరిక మొట్టమొదట ముంచేది బీదలనే. పట్నంలోని పర్యావరణవాదులను కూడా ఒక ప్రశ్న అడుగుదాం. పక్షులకు చోటు కావాలన్నారు, బాగుంది. అక్కడ పుట్టి పెరిగిన మనిషికి బ్రతుకుతెరువు ఏం చూపించారు? అది చూపకుండా గట్టు పేల్చడం సగం పని. ఆ సగం పని వల్లే గట్టు మళ్ళీ లేచింది.

కొల్లేటికోటను గురించి ఒక పాత కథ చెప్పుకుంటారు. సరస్సు నడుమ కోటలో గజపతిరాజు వున్నాడు. కోట చుట్టూ నీరు. ఆ నీటిని సముద్రంలోకి తీస్తేగాని కోట చిక్కదని కాలువ తవ్వారు; అదే ఉప్పుటేరు. పని నెగ్గడం కోసం సేనాని ఒకడు తన కన్నకూతురిని బలి ఇచ్చాడు. అందుకని ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు వచ్చింది. కథలో నిజం ఎంతో చరిత్రకారులు తేల్చుకోనీ. నాకు పట్టిన సంగతి వేరే వుంది. నీటికి దారి చెయ్యడమనేది రాజుల తగువు. బలి మాత్రం ఆడపిల్లది. మన కాలంలో నీటికి దారి మూసేవారు వేరు, బలి అయ్యేవారు వేరు. ఆ కథను ప్రతి ఏడూ జాతరలో తలుచుకొని కన్నీరు పెట్టే మనం ఈ రెండో సంగతికి ఎందుకు ఉలిక్కిపడం?

వరద తర్వాత సాయం కూడా ఇదే దారిన పోతుంది. గోదావరి జిల్లాల్లో చేను దున్నేవాడు చాలా చోట్ల కౌలుదారు. పంట నష్టం రాసే కాగితం మీద పేరు పట్టాదారుది. 2019లో చేసిన చట్టం కౌలు కార్డుకు యజమాని అంగీకారం కావాలన్నది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని పెట్టడు. పెట్టకపోతే కౌలుదారుకు అప్పు పుట్టదు, పరిహారం రాదు. మక్తా మాత్రం మాఫీ కాదు. ఇక రైతు కూలీకి పోయిన పనిదినాలు ఏ కాగితంలోనూ నష్టంగా రాయరు. ముంపు అందరినీ సమానం చేసిందని కవిత్వం చెప్పేవారు ఒక్కసారి ఆ నష్టాల జాబితా చదవాలి. నీళ్ళు వున్న నాలుగు రోజులే సమానత్వం. నీళ్ళు తీశాక ఎవరి గట్టు మీద వాడు.

పాఠం ఎన్నడూ ఫలించలేదా అంటే, ఫలించింది. 1864లో బందరు ఉప్పెనలో ముప్ఫై వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమంది దాకా పోయారు. ఆ తర్వాత తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి, ముందస్తు హెచ్చరిక ఊరిదాకా వచ్చింది, జనాన్ని ముందుగా తరలించడం అలవాటయింది. తూర్పు బెంగాలులో 1970 తుపాను లక్షలమందిని మింగింది. బంగ్లాదేశ్ అయ్యాక ఊరూరా వలంటీర్లను తయారు చేసుకొని, అంతటి తుపానులు వచ్చినా మరణాలను వేలకు, వందలకు దించుకున్నారు. అంటే మనిషి చేతిలో వున్నది చాలా వుంది. కాని గమనించండి: ప్రాణాలు కాపాడే పాఠం త్వరగా ఒంటబట్టింది, ఎందుకంటే అందులో ఎవరి ఆస్తికీ నష్టం లేదు. నీటికి దారి వదిలే పాఠం ఒంటబట్టలేదు, ఎందుకంటే అందులో ఎవరో ఒకరు గట్టు తియ్యాలి. తేడా అంతా ఇక్కడ వుంది.

ఇప్పుడు కాలం మారింది, వానలే పెరిగాయి, దానికి ఎవరేం చేస్తారని ఒక కొత్త వాదం బయలుదేరింది. భూమి వేడెక్కుతున్నమాట నిజం. ఒక్క రోజులో కుంభవృష్టి కురిసే రోజులు పెరుగుతున్నమాట నిజం. సముద్రమట్టం పెరుగుతున్నది గనక, వాలు లేని ఉప్పుటేరు ముందుముందు మరింత నెమ్మదిగా పారుతుందన్నదీ నిజమే. అయితే దీనివల్ల తేలేదేమిటి? గాదె ఇంకా పెద్దది కావాలని తేలుతుంది. వచ్చే ధాన్యం పెరిగిందని చెప్పి గాదెను చిన్నది చేసుకొనేవాణ్ణి ఏమంటాం?

చివరికి మన రచయితల సంగతి. ఉప్పెన రాగానే మనకు పద్యం వస్తుంది. అందులో శవాలు తేలతాయి, తల్లి బిడ్డను వెతుకుతుంది, సముద్రుడు రాక్షసుడవుతాడు. చందాల సభలో చదువుతారు. తుపాను నిధి పోగవుతుంది. ఆ పద్యంలో ఒక్క గట్టు వుండదు, ఒక్క ఫైలు వుండదు, ఒక్క పేరు వుండదు. దివిసీమ ఉప్పెన మీద నగ్నముని "కొయ్యగుర్రం" నిలబడిందంటే, అది కన్నీటి దగ్గర ఆగక వ్యవస్థను బోనెక్కించింది గనక. అక్కినేని కుటుంబరావు "కొల్లేటి జాడలు" నవల విలువ, సరస్సు చావును ఊరి జీవితంలోంచి చెప్పడంలో వుంది. ఇలాంటివి వేళ్ళమీద లెక్కపెట్టుకోవాలి. కరుణరసం చెడ్డదని నేననడం లేదు. కారణం తెలుపని కరుణ, పరిహారం పుచ్చుకొని రాజీనామా రాసిచ్చినట్టు, దోషికి విడుదల పత్రమవుతుందని అంటున్నాను.

అయితే ప్రజలు నేర్చుకోవలసింది ఏమీ లేదా? వుంది. పాలకులకు పాఠాలు చెప్పడం మానుకోవడం అందులో మొదటిది. రెండోది, వరద లెక్క సెప్టెంబరులో కాక మేనెలలో అడగడం. మన ఊరి మురుగు కాలువ వెడల్పు రికార్డులో ఎంత, నేల మీద ఎంత, పూడిక పేర ఎంత ఖర్చు రాశారు, తవ్వింది ఎంత, ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద అడిగి, పంచాయతీ గోడ మీద రాయవచ్చు. మూడోది, ఎగువా దిగువా కలవడం. సింగ్‌నగర్ రిక్షా కార్మికుడూ, ఏలూరు తమ్మిలేటి ఒడ్డు పేటవాడూ, తాడేపల్లిగూడెం కౌలు రైతూ, లంకలోని వడ్డీ ఒకే నీటిలో మునుగుతున్నారు. అర్జీలు మాత్రం వేరువేరు కార్యాలయాలకు విడివిడిగా పెట్టుకుంటున్నారు. ఒకరి గండి మరొకరి మీదికి తోసే పద్ధతి వున్నంతకాలం పెద్ద గట్లు సురక్షితం. నాలుగోది, గట్టు తియ్యాలన్న నినాదాన్నీ, వడ్డీకి బ్రతుకుతెరువు కావాలన్న నినాదాన్నీ ఒకే నోట పలకడం. విడదీసి పలికిన ప్రతిసారీ రెండూ ఓడిపోయాయి.

బుడమేరు మళ్ళీ వస్తుంది. ఎర్రకాలువ వస్తుంది. తమ్మిలేరు వస్తుంది. వాటికి మన వ్యాసాలతో పని లేదు. గట్టు ఎవరిదని మనం అడిగామా లేదా అన్నదే మిగులుతుంది. అడగకపోతే వచ్చే వరదకు ఈ శీర్షికే మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు. తేదీ ఒక్కటి మారిస్తే చాలు.